డాక్టరు జాకీర్ హుస్సేన్

హైదరాబాదు నగరములో మూసీనదికి ఉత్తరపు గట్టున బేగంబజారు అను పాతపేట కలదు. ధాన్యము, పాత్రసామాను, ఎండుఫలములు టోకున అమ్ముడుపోవు ఆ వాడ నేటికిని జనసమ్మర్దముతో నిండియుండును. ఆ పేటలోని ఒక యింట 1897వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన జాకీర్ హుస్సేన్ జన్మించెను. అటుపిమ్మట డెబ్బదియేండ్లకు ఆయన భారతదేశమునకు రాష్ట్రపతి అయ్యెను. అయినను ఆయన తన్ను తాను కడవరకు ఉపాధ్యాయునిగనే భావించుకొనెను. దేశమంతటికిని ఒక పాఠ్యప్రణాళిక ఉండవలెననియు, అందు ఆయా ఊళ్ళ చేతిపనులకు, బ్రతుకుతెరువులకు ముఖ్యస్థానము దక్కవలెననియు తలంచి, అట్టి ప్రణాళికను మొదట సిద్ధపరచిన సంఘమునకు అధ్యక్షుడు ఆయనయే.

జాకీర్ పూర్వులు పఠానులు. ఉత్తరప్రదేశములో ఫరూఖాబాదు జిల్లాలోని కాయంగంజ్ వారి స్వస్థలము. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ యౌవనమున నిజాము రాజ్యమునకు వచ్చి, న్యాయశాస్త్రము చదివి, హైదరాబాదులో న్యాయవాదియై పేరును, ధనమును గడించెను. ఆయనకు ఏడుగురు కుమారులు. వారిలో జాకీర్ మూడవవాడు. 1907వ సంవత్సరమున తండ్రి క్షయవ్యాధిచే మరణించెను. అప్పటికి జాకీర్‌కు పదియేండ్లు. తల్లి నాజ్నీన్ బేగం పిల్లలను వెంటబెట్టుకొని కాయంగంజ్ చేరెను. జాకీర్‌ను, అతని సోదరులను ఇటావా పట్టణములోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలో చేర్పించిరి. ఆ బడి వసతిగృహములో భోగములు లేవు. ప్రధానోపాధ్యాయుడు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ విద్యార్థులకు నిరాడంబరమైన జీవనమును, సూటియైన మాటను అలవరచెను. పెద్దవాడైన తరువాత జాకీర్ హుస్సేన్ ఈ గురువును ఎంతయో భక్తితో స్మరించుచుండెడివాడు.

1911వ సంవత్సరమున కాయంగంజ్‌లో ప్లేగు వ్యాపించెను. ఆ మహమ్మారికి తల్లియు బలియయ్యెను. ఇటావాలో చదువుకొనుచున్న పిల్లలకు ఆమె కడసారి చూపుకూడ దక్కలేదు. పదునాలుగేండ్లకే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలునకు చదువే ఊరటయయ్యెను. సెలవులలో ఇంటికి వచ్చినపుడు హసన్ షా అను ఒక సూఫీ సాధువు అతనిని చేరదీయుచుండెను. ఆ సాధువునకు పుస్తకములనిన ప్రాణము. కొనుటకు డబ్బులేనివాడు గనుక, ఎక్కడ మంచి గ్రంథము కానవచ్చినను దానిని ఎత్తివ్రాయించి తెచ్చుకొనెడివాడు. జాకీర్ ఆయనకొరకు ఎన్నో పుటలు తన చేతితో ఎత్తివ్రాసెను. అక్షరము వెంట అక్షరమును శ్రద్ధగా దిద్దుచు వ్రాసినపుడు గ్రంథము మనసునకు పట్టునని అతనికి ఆ వయసుననే తెలిసివచ్చెను.

పాఠశాల చదువు ముగిసిన పిమ్మట జాకీర్ వైద్యవిద్య అభ్యసింపగోరి లక్నో వెళ్ళెను. కాని అనారోగ్యము అడ్డువచ్చెను. తుదకు అలీగఢ్ కళాశాలలో చేరి, 1918లో బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడై, ఎం.ఏ. తరగతిలో అర్థశాస్త్రమును అభ్యసించుచు, అక్కడనే కొంత బోధనయు చేయుచుండెను. 1920వ సంవత్సరము అక్టోబరు నెలలో గాంధీమహాత్ముడు అలీగఢ్‌కు వచ్చెను. అవి సహాయనిరాకరణోద్యమపు రోజులు. పరప్రభుత్వపు ధనసహాయముతో నడచు విద్యాలయములను విడిచి రండని ఆయన విద్యార్థులను కోరెను. పట్టము చేతికందిన పిమ్మట మంచి ఉద్యోగము తప్పక దొరకు స్థితిలో ఉండియు, జాకీర్ ఆ పిలుపును మన్నించి కళాశాలను విడిచెను. అయితే ఊరక విడిచినంత మాత్రమున ఏమి ఫలము? విడిచిన విద్యార్థులకు మరియొక విద్యాలయము కావలెను గదా! ఆ విధముగ 1920 అక్టోబరు 29వ తేదీన అలీగఢ్‌లో జామియా మిలియా ఇస్లామియా అను జాతీయ విద్యాలయము వెలసెను. దానిని కోరి తెచ్చుకొన్న యువకులలో జాకీర్ ముఖ్యుడు.

ఇట్టి విద్యాలయములు తెలుగువారికి కొత్తవి కావు. అంతకు పదియేండ్ల ముందే, అనగా 1910లో, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య అను మువ్వురు మిత్రుల పూనికతో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసియుండెను. అక్కడ పుస్తకవిద్యతోపాటు నేతపని, వడ్రంగము మొదలైన వృత్తులును నేర్పుచుండిరి. గుమాస్తాలను తయారుచేయు చదువు చాలదని, దేశమును నిలబెట్టు చదువు కావలెనని తలంచిన పెద్దలు నాడు దేశమున నలుమూలల ఉండిరి. కాని వారి ప్రయత్నములు వేటికవి విడివిడిగ సాగుచుండెను. వానిని దేశమంతటికిని పనికివచ్చు ఒక ప్రణాళికగా కూర్చు పని ఇంకను మిగిలియుండెను.

1922లో జాకీర్ హుస్సేన్ ఉన్నతవిద్యకై జర్మనీ వెళ్ళెను. బెర్లిన్ విశ్వవిద్యాలయములో బ్రిటిషు ఇండియాలోని వ్యవసాయ వ్యవస్థను గూర్చి పరిశోధన చేసి డాక్టరు పట్టమును పొందెను. అర్థశాస్త్రముతోపాటు అక్కడి విద్యావిధానమును గూడ ఆయన నిశితముగ పరిశీలించెను. మ్యూనిక్ నగరములో గెయోర్గ్ కెర్షెన్‌స్టైనర్ అను విద్యావేత్త పాఠశాలలలో కర్మశాలలను నెలకొల్పి, పనిద్వారా బాలుర బుద్ధిని, శీలమును పెంపొందించు పద్ధతిని ప్రచారము చేసియుండెను. చేయు పనిని ముందుగా ఆలోచించుకొనుట, ప్రణాళిక వేసికొనుట, చక్కగ ముగించుట, ముగించిన పిమ్మట అందలి లోటుపాట్లను తానే చూచుకొనుట అను నాలుగు మెట్లు ఉన్నప్పుడే చేతిపని విద్య యగునని జాకీర్ హుస్సేన్ గ్రహించెను.

బెర్లిన్‌లో జరిగిన ఒక సంగతి ఇచ్చట చెప్పదగినది. ఉర్దూ మహాకవి గాలిబ్ కవిత్వమును అందముగ అచ్చువేయింపవలెనని ఆయనకు కోరిక కలిగెను. కావియానీ ముద్రణాలయము ఆ పనికి ఒప్పుకొన్నది గాని, అక్షరములు కూర్చు పనివారు చాలలేదు. అంతట జాకీర్ హుస్సేన్ తానే అచ్చుకూర్పు నేర్చుకొని, సీసపు అక్షరములను ఏరి వరుసలు పేర్చెను. ఆ చిన్న గ్రంథము తరువాత రసికుల మన్ననలు పొందెను. పండితుడైనవాడు పనివాని పీటపై కూర్చుండుట అవమానమని ఆయన ఎన్నడును తలంపలేదు.

ఆ కాలముననే స్వదేశమున జామియాకు గడ్డుదినములు వచ్చెను. ఉద్యమపు వేడి చల్లారెను. ధనము నిండుకొనెను. విద్యాలయమును మూసివేయుట మేలని కొందరు పెద్దలు తలంచిరి. ఈ వార్త విని జర్మనీలోని జాకీర్ హుస్సేన్, అతని మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముజీబ్ అను మువ్వురు తమ జీవితములను జామియాకు అర్పింతుమని, దానిని మూయవలదని తెలియజేసిరి. హకీం అజ్మల్ ఖాన్ ప్రభృతులు 1925లో విద్యాలయమును ఢిల్లీకి తరలించిరి. 1926లో మువ్వురు మిత్రులు తిరిగివచ్చిరి. జాకీర్ హుస్సేన్ ఇరువది తొమ్మిదేండ్ల వయసున దానికి ఉపాధ్యక్షుడయ్యెను. ఆ పదవిలో ఆయన 1948 వరకు, అనగా ఇరువది రెండేండ్లు, ఉండెను.

ఉపాధ్యక్షుడన్న పేరే గాని, దర్పమునకు అక్కడ తావు లేకుండెను. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ మరణించుటతో వచ్చుచున్న కొద్దిపాటి సహాయమును సన్నగిల్లెను. అప్పుడు ఉపాధ్యాయులు ఒక సంఘముగా ఏర్పడి, ఇరువది సంవత్సరములు జామియాకు సేవ చేయుదుమనియు, నెలకు 150 రూపాయలకు మించి జీతము తీసికొనమనియు ప్రతిజ్ఞ చేసిరి. ఆ జీతమైనను నెలనెల చేతికందెడిది కాదు. జాకీర్ హుస్సేన్ అంతకంటె తక్కువయే తీసికొనుచు, సంస్థకై ఊరూర చందాలు అడుగుచు, ఉత్తరములకు జవాబులు తానే వ్రాయుచు, చిన్నపిల్లల తరగతులకు కూడ పోయి పాఠములు చెప్పుచుండెను.

బాలుర శుభ్రతను గూర్చిన ఒక కథ జామియాలో నేటికిని చెప్పుకొందురు. విద్యార్థులు మురికి పట్టిన బూట్లతో బడికి వచ్చుచుండిరట. ఎన్నిసార్లు చెప్పినను వారిలో మార్పు కనబడలేదు. ఒకనాటి ఉదయమున జాకీర్ హుస్సేన్ కుంచెను, పాలిషు డబ్బాను చేతబట్టి, ద్వారము చెంత కూర్చుండి, లోనికి వచ్చువారి బూట్లను తుడువ మొదలిడెనట. విద్యార్థులు సిగ్గుపడిరి. మరునాటినుండి మురికి బూట్లు కనబడలేదు. చెప్పి చేయింపలేని దానిని చేసి చూపుట ఆయన పద్ధతి.

ఇంకొక సంగతి హృదయవిదారకమైనది. ప్రాథమిక పాఠశాలలో పిల్లల వేడుక జరుగుచుండెను. జాకీర్ హుస్సేన్ పిల్లలకు మిఠాయిలు పంచుచుండెను. అంతలో నౌకరు వచ్చి ఆయన ముద్దులకూతురు రెహానాకు జబ్బు ముదిరినదని చెవిలో చెప్పెను. ఆయన పంచుట మానలేదు. మరికొంత సేపటికి ఆ పసిపాప మరణించినదను కబురు వచ్చెను. ఆయన ముఖము పాలిపోయెను గాని చేయి ఆగలేదు. పిల్లలందరు మిఠాయిలు తిని సంతోషముతో వెళ్ళిన పిమ్మటనే ఇంటికి పోయెను. అంతమంది పిల్లల సంతోషమును చెరుపుటకు మనసు ఒప్పలేదని పిమ్మట తెలిపెను. తరువాతి కాలమున ఆయన పిల్లలకొరకు ఉర్దూలో చక్కని కథలు వ్రాసెను. వానిలో అబ్బూఖాన్ మేక కథ ప్రసిద్ధమైనది. కట్టుకొయ్యను విడిచి కొండపైకి పోయి, తోడేలుతో తెల్లవారువరకు పోరాడిన మేక కథ అది. ఆ కథలను ఆయన రుఖయ్యా రెహానా అను పేరుతో ప్రకటించెను.

జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లలు అంకెలను పలకపై మాత్రమే నేర్చుకొనలేదు. వారికి వారే నడుపుకొను చిన్న బ్యాంకును, చిన్న దుకాణమును ఉండెను. సరుకు తెచ్చుట, ధర కట్టుట, లెక్క వ్రాయుట పిల్లల పనియే. 1935 మార్చి 1వ తేదీన ఢిల్లీ చెంత ఓఖ్లాలో జామియా కొత్త భవనమునకు శంకుస్థాపన జరిగినప్పుడు, ఏ మహారాజును, ఏ మంత్రిని పిలువక, పాఠశాలలోని అందరికంటె చిన్నవాడైన విద్యార్థిచేత ఆ రాతిని పెట్టించిరి. విద్యాలయము పిల్లలది అను మాటను ఆయన ఆ విధముగ లోకమునకు తెలిపెను.

1937వ సంవత్సరమున దేశములో పెక్కు రాష్ట్రములయందు కాంగ్రెసు మంత్రివర్గములు ఏర్పడెను. పిల్లలందరికి చదువు చెప్పింపవలెను. కాని ధనము ఎక్కడనుండి వచ్చును? గాంధీమహాత్ముడు ఇందులకు ఒక మార్గము సూచించెను. ఏడేండ్ల ప్రాథమిక విద్యను మాతృభాషలో చెప్పవలెను, ఏదైన ఒక చేతిపనిని కేంద్రముగ చేసికొని అన్ని పాఠములను బోధింపవలెను, పిల్లలు తయారుచేసిన వస్తువుల విలువతో ఉపాధ్యాయుల జీతములు వెళ్ళదీయవలెను అని ఆయన అభిప్రాయము. దీనిని చర్చించుటకు ఆ సంవత్సరము అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యావేత్తల సభ కూడెను. మహాత్ముడే అధ్యక్షుడు.

ఆ సభలో మహాత్ముని మాటకు ఎదురాడుట సులభము కాదు. వచ్చినవారిలో అనేకులు ఆయన భక్తులు. జాకీర్ హుస్సేన్ కూడ ఆయన పిలుపు విని కళాశాలను విడిచినవాడే. అయినను ఆయన లేచి తన సందేహములను దాచక చెప్పెను. పనిద్వారా బోధించుట మంచిదే గాని, అది కొత్తది కాదనియు, ఇతర దేశముల ఉపాధ్యాయులు దానిని ఎరుగుదురనియు తెలిపెను. అన్ని పాఠములను ఒక్క తకిలీతో ముడిపెట్టుట సాధ్యము కాదని వాదించెను. అన్నిటికంటె ముఖ్యముగ, బడి ఖర్చును పిల్లల పనినుండి రాబట్టవలెనను పట్టుదల మితిమీరినచో, ఉపాధ్యాయులు బానిసలచే చాకిరి చేయించు యజమానులుగ మారి, పేదపిల్లల కష్టమును దోచుకొందురని, అప్పుడు తకిలీ పుస్తకముకంటె చెడ్డదగునని హెచ్చరించెను. సభికులు విస్తుపోయిరి. గాంధీమహాత్ముడు మాత్రము కోపింపలేదు. లోపమును ముందుగా కనిపెట్టగలవాడే పనిని సరిగ నడుపగలడని ఆయన తలంచియుండవలెను. సభ ముగిసినప్పుడు పాఠ్యప్రణాళికను తయారుచేయుటకు ఒక సంఘమును నియమించి, దానికి జాకీర్ హుస్సేన్‌నే అధ్యక్షునిగ చేసిరి. ఆర్యనాయకం, ఆశాదేవి, వినోబాభావే, కాకాకాలేల్కర్, జె.సి. కుమారప్ప, సయ్యదైన్ మొదలగువారు అందు సభ్యులు.

ఆరు వారములలో ఆ సంఘము పని ముగించి, 1937 డిసెంబరు 2వ తేదీన నివేదికను సమర్పించెను. ఏడవయేటినుండి పదునాలుగవయేటి వరకు ఏడు తరగతులు ఉండవలెనని అందు వ్రాసిరి. రోజునకు 5 గంటల 30 నిమిషముల బడి. అందు చేతిపనికి 3 గంటల 20 నిమిషములు, సంగీతము, చిత్రలేఖనము, గణితములకు 40 నిమిషములు, మాతృభాషకు 40 నిమిషములు, సాంఘికశాస్త్రము, సామాన్యశాస్త్రములకు 30 నిమిషములు, వ్యాయామమునకు 10 నిమిషములు, విరామమునకు 10 నిమిషములు కేటాయించిరి. సంవత్సరమునకు 288 పనిదినములు ఉండవలెననిరి. నూలు వడకుట, నేయుట, వడ్రంగము, వ్యవసాయము, పండ్లతోటలు, కూరగాయల పెంపకము, తోలుపని అనునవి వారు సూచించిన వృత్తులు. అయితే ఇవియే అన్ని చోట్ల ఉండితీరవలెనని పట్టుపట్టలేదు. ఆయా ప్రాంతముల నేలకు, నీటికి, జనుల జీవనమునకు తగిన మరి ఏ వృత్తినైనను ఎన్నుకొనవచ్చునని చెప్పిరి. పాఠ్యప్రణాళిక దేశమంతటికి ఒకటి. వృత్తి మాత్రము ఊరిది. ఈ రెంటిని కలుపుటయే ఆ నివేదికలోని విశేషము.

చేతిపనికి అంతకాలమేల అని నేడు మనకు తోచవచ్చును. మూడుగంటలు వంచిన తల ఎత్తకుండ వడకుట అని దాని అర్థము కాదు. పనిని గూర్చిన మాటామంతి, లెక్క, బొమ్మ, శాస్త్రము అన్నియు అందులోనివే. ఒక తెలుగు పల్లెలోని బడిని ఊహించి చూడుడు. పిల్లలు ఏకులతో నూలు వడకుచున్నారు. నేడు ఎన్ని గజములు తీసితిమి, నిన్నటికంటె ఎంత ఎక్కువ, తెగిపోయిన పోగు ఎంత అని లెక్కించుటలో గణితము వచ్చును. పత్తి నల్లరేగడిలో ఏల బాగుగ పండును అని అడిగినచో నేల, వాన, ఎండల సంగతి వచ్చును. పడుగు, పేకల అల్లికను గీసి చూపినచో చిత్రలేఖనము వచ్చును. బందరు రేవునుండి బట్టలు ఓడలకెక్కి ఏయే దేశములకు పోయెను, ఆ వర్తకము ఏల క్షీణించెను అని విచారించినచో చరిత్రయు, భూగోళమును వచ్చును. చేసిన పనిని తనమాటలలో వ్రాసినచో మాతృభాష వచ్చును. కదురు తిప్పుట వచ్చినంతనే చాలదు. దానివెంట ఇన్ని విద్యలు కదలి రావలెను.

వార్ధా సభలో జాకీర్ హుస్సేన్ పలికిన హెచ్చరికయు నివేదికలో చోటు చేసికొనెను. ఆదాయముపై దృష్టి పెట్టి పిల్లలచే ఎక్కువ పని చేయించుకొను ప్రమాదము కలదనియు, అట్లు జరిగినచో పథకపు ఉద్దేశ్యమే చెడుననియు అందు స్పష్టపరచిరి. బడి తన ఖర్చును తాను సంపాదించుకొనలేకపోయినను, విద్యగా ఇది మంచిదే గనుక దీనిని స్వీకరింపవలెనని వ్రాసిరి. 1938 ఫిబ్రవరిలో హరిపురా కాంగ్రెసు మహాసభ ఈ విధానమును ఆమోదించెను. దీనిని నడుపుటకు సేవాగ్రామములో హిందుస్తానీ తాలీమీ సంఘము ఏర్పడెను. దానికిని జాకీర్ హుస్సేనే అధ్యక్షుడు. నయీ తాలీం అనియు, బేసిక్ విద్య అనియు దీనికి పేర్లు వచ్చెను. క్రమముగ తెలుగు జిల్లాలలోను బేసిక్ పాఠశాలలు, బేసిక్ శిక్షణ పాఠశాలలు వెలసెను.

అంతలో దేశము మతకలహముల పాలయ్యెను. 1946 నవంబరులో జామియా రజతోత్సవము జరిగినప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్, మహమ్మదాలీ జిన్నా, లియాఖత్ ఆలీ ఖాన్‌లను జాకీర్ హుస్సేన్ ఒకే వేదికపై కూర్చుండబెట్టెను. పరస్పరము మాటలాడుట మానిన నాయకులు వారు. దేశమున రగులుచున్న మంటను ముందుగా ఆర్పుడనియు, మంట ఎవరు అంటించిరి అను విచారణ తరువాత చేయవచ్చుననియు ఆయన వారిని వేడుకొనెను. మంట ఆరలేదు. 1947 ఆగస్టులో ఆయన కాశ్మీరమునకు ప్రయాణమై పోవుచుండగా జలంధర్ స్టేషనులో అల్లరిమూకలు ఆయనను చుట్టుముట్టెను. ఒక సిక్కు సైనికాధికారియు, ఒక హిందూ రైల్వే ఉద్యోగియు అడ్డుపడి ఆయన ప్రాణములు కాపాడిరి. ఢిల్లీకి తిరిగివచ్చిన పిమ్మట ఆయన ఎవరిని ద్వేషింపలేదు. ఇల్లువాకిళ్ళు కోల్పోయిన కాందిశీకులకు సహాయము చేయు పనిలో నిమగ్నుడయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948నుండి 1956వరకు ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగ ఉండి, దేశవిభజనచే చెదరిపోయిన ఆ విద్యాలయమును నిలబెట్టెను. గులాబీ తోటలు పెంచుట ఆయనకు మిక్కిలి ఇష్టము. ఎక్కడ పనిచేసినను అక్కడ తోట వెలసెడిది. ఆయన తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయములో చరిత్రాచార్యుడై పేరొందెను. జాకీర్ హుస్సేన్ 1957లో బీహారు రాష్ట్రమునకు గవర్నరు, 1962లో భారత ఉపరాష్ట్రపతి అయ్యెను. 1963లో భారతరత్న బిరుదమును పొందెను.

ఈ పదవుల నడుమ ఆయన మనసును కలచివేసిన విషయము ఒకటి కలదు. బేసిక్ విద్యను ప్రభుత్వములు ప్రాథమిక విద్యకు ఆదర్శముగ అంగీకరించెను గాని, ఆచరణలో అది నానాటికి చిక్కిపోయెను. పనియు, పాఠమును కలిపి చెప్పగల ఉపాధ్యాయులు చాలలేదు. కొన్ని బడులకు పత్తి రాలేదు. కొన్నింట వడకిన నూలు మూలబడి చీకిపోయెను. చేతిపని కేవలము ఒక పీరియడుగ మిగిలెను. అన్నిటికంటె విచారకరమైనది వేరొకటి. బేసిక్ బడి పేదపిల్లలకనియు, పుస్తకముల బడి కలవారి పిల్లలకనియు జనులు తలంచిరి. ఆ విద్యను మెచ్చుకొన్న పెద్దలే తమ పిల్లలను వేరు బడులకు పంపిరి. ఈ స్థితిని చూచి జాకీర్ హుస్సేన్ మౌనము వహింపలేదు. తాను అధ్యక్షుడై రచించిన విధానమే అయినను, దేశములో బేసిక్ విద్య పేరిట సాగుచున్నది చాలవరకు వట్టి బూటకమని బహిరంగముగ విమర్శించెను. అది పుట్టకముందు మహాత్ముని ఎదుట దాని లోపమును చెప్పినవాడును ఆయనయే, పెరిగిన పిమ్మట ప్రభుత్వముల ఎదుట దాని లోపమును చెప్పినవాడును ఆయనయే. ఎదుటివాని పనివలెనే తన పనిని గూడ పరీక్షించుకొనవలెనని ఆయన విద్యార్థులకు చెప్పిన నీతిని తానును పాటించెను.

1967 మే 13వ తేదీన జాకీర్ హుస్సేన్ భారతదేశమునకు మూడవ రాష్ట్రపతిగ ప్రమాణస్వీకారము చేసెను. ఈ గౌరవము తనకు వచ్చుటకు కారణము తాను విద్యకు సేవచేయుటయేనని ఆయన ఆనాడు వినయముతో తెలిపెను. రెండేండ్లు నిండకముందే, 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి భవనములో హఠాత్తుగ మరణించెను. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయన. ఢిల్లీలో రాజుల సమాధులకు కొదువలేదు. కాని ఆయనను జామియా ఆవరణలో, తాను ఇరువది రెండేండ్లు సేవచేసిన విద్యాలయపు నేలలోనే సమాధి చేసిరి.

ఆయన తలపెట్టిన పని ఆయనతో ముగియలేదు. 1964లో ఏర్పడిన కొఠారీ విద్యాసంఘము 1966లో సమర్పించిన తన నివేదికలో పని అనుభవము విద్యలో భాగము కావలెనని చెప్పెను. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము సమాజమునకు ఉపయోగపడు ఉత్పాదక కార్యమును పాఠశాలలలో ప్రవేశపెట్టవలెనని సూచించెను. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము 6వ తరగతి నుండి 8వ తరగతి వరకు చదువు పిల్లలు పదిరోజులపాటు పుస్తకాల సంచి లేకుండ పోయి, తమ ప్రాంతములోని వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, చేతిపనివారి చెంత పని నేర్చుకొనవలెనని చెప్పినది. పేర్లు మారినవి. కాలము పది దినములకు తగ్గినది. కాని దేశమునకు ఒక ప్రణాళిక, ఊరికి తగిన ఒక వృత్తి అను మూలసూత్రము మాత్రము 1937 నాటిదే.

జాకీర్ హుస్సేన్ పుట్టిన హైదరాబాదు నేడు బేగంబజారును, మూసీని దాటి ఎంతయో విస్తరించినది. ఒకప్పటి పల్లె అయిన మూసాపేట మీదుగ మెట్రోరైలు పోవుచున్నది. దానికి ఒకవైపున బాలానగరము యంత్రపరికరముల కార్ఖానాలు, వేరొకవైపున హైటెక్ సిటీ కంప్యూటరు కార్యాలయములు కలవు. అచ్చటి బడిలో నూలు వడకుడని ఆయన చెప్పియుండెడివాడు కాడు. మోటారు మరమ్మతు, విద్యుత్తు పని, ఇనుపపని, మిద్దెపై కూరగాయల పెంపకము, కంప్యూటరు నడపుట మొదలైనవానిలో ఆ ప్రాంతమునకు తగినది ఎన్నుకొనుడనియు, ఏది ఎన్నుకొన్నను దానిని ఆలోచించి చేయుడనియు, పేదవాని బిడ్డయు, కలవాని బిడ్డయు ఒక్క పీటపై కూర్చుండి చేయుడనియు చెప్పియుండెడివాడు.

విద్యార్థులారా! మీరును నేడు ఆ 6వ తరగతి నుండి 8వ తరగతి వరకు గల వయసులోనివారే. మీ వాడలో చేతిపని చేయువాని చెంతకు మీరు పోయినపుడు, అతని చేతిలోని పనిముట్టు పేరేమో, అది ఆ ఆకారముననే ఏల ఉన్నదో, ఆ పని అతడు ఎవరి చెంత నేర్చెనో అడిగి తెలిసికొనుడు. పిమ్మట ఆ పనిముట్టును మీ చేతబట్టి ఒక చిన్నవస్తువును సాంతము చేసి ముగింపుడు. అందలి వంకరను ఇతరులు చూపకముందే మీరే కనిపెట్టుడు. జాకీర్ హుస్సేన్ తన జీవితమంతయు పిల్లలకు నేర్పదలచిన చదువు అదియే.